సెకండ్‌హ్యాండ్ సెలవులు

ఆ ఏడు వేసవి ముందు కాకినాడలో ఒక కొత్త జబ్బు మొదలైంది. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా, "మీకు హాలిడే క్లబ్బులో మెంబర్‌షిప్ ఉందాండీ?" అని అడగడం. ఉందంటే ఫ్యాను మన వైపు తిప్పేవారు. లేదంటే అయ్యో పాపం అన్నట్టు చూసి, ఎవరెవరి ఇళ్ళల్లో మెంబర్‌షిప్పులు ఉన్నాయో చెప్పుకొచ్చేవారు. సంగతేమిటంటే, డబ్బు ఒక్కసారి కట్టేస్తే ఏళ్ళ తరబడి, ఏటా ఒక వారం, కొండ మీద ఒక గది మనదే. మిగతా వారాలన్నీ అది ఎవరిదైతే మనకేం?

మెయిన్ రోడ్డులో కళ్ళజోళ్ళ షాపు నడిపే చిట్టూరి వీరభద్రానికి ఈ జబ్బు ఆలస్యంగా సోకింది గానీ గట్టిగా సోకింది. కారణం ఆయన భార్య మంగతాయారు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి ఆ ఇల్లాలు పొయ్యిని వదిలి ఉన్న రోజు లేదు. సెలవులకని ఆయన తీసుకెళ్ళిన చోట్లల్లా కూడా ఆవిడ చేసింది వంటే. తిరుపతి వెళ్తే సత్రం గదిలో కరెంటు స్టవ్ మీద పులిహోర. విశాఖపట్నం వెళ్తే ఆయన పెద్దమ్మగారింట్లో వచ్చేపోయే చుట్టాలందరికీ చేపల పులుసు. సముద్రం ఆవిడకి బస్సు కిటికీలోంచి కనిపించింది, అదీ తిరిగొచ్చేటప్పుడు. ఆ ప్రయాణం నుంచి ఇంటికొచ్చాక చెప్పులు విప్పుతూనే ఒక మాట చెప్పేసింది.

"ఇంకోసారి నన్ను ఎక్కడికైనా తీసుకెళ్తే వారం రోజులూ గరిట ముట్టుకోను. అక్కడికెళ్ళాక కూడా పొయ్యి ముందు కూర్చోబెట్టారనుకోండి, ఇక జన్మలో మీతో ఏ ఊరూ రాను. పిల్లల్నేసుకుని మీరే తిరగండి."

మంగతాయారుకి కోపమొస్తే అరవదు. మెల్లగా చెప్తుంది. అరిచే మనిషైతే వీరభద్రానికి ఇంత భయముండేది కాదు. ఆయన అక్కడికక్కడే మాటిచ్చేశాడు. వచ్చే వేసవిలో వారం పాటు నువ్వు కూర్చుంటే ఎవరో తెచ్చి పెడతారు, తినడమే నీ పని అన్నాడు.

కొత్త మెంబర్‌షిప్ ధర వినేసరికి ఆయనకి కళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే షాపులోకి వేదుల త్రివిక్రమరావు గారు వచ్చారు. రిటైరైన లెక్చరరు, పాత ఖాతాదారు. వీరభద్రం కష్టం విని ఆయన నవ్వారు.

"కొత్తదెందుకయ్యా, నా దగ్గర బంగారం లాంటి పాతదుండగా? మబ్బుకొండ హాలిడే క్లబ్బు. ఇంకా పదేళ్ళ సెలవులు వాడకుండా ఉన్నాయి. మా పిల్లలు పెద్దాళ్ళైపోయారు, మా అత్తగారు కాలం చేశారు, మాకా ఓపిక లేదు. సగానికి సగం ధరకి ఇచ్చేస్తాను. కాంట్రాక్టు నీ పేరు మీదకి మార్చుకో."

"అక్కడ భోజనాలవీ ఎలా ఉంటాయండీ?" వీరభద్రం అడగవలసిన ప్రశ్నే అడిగాడు.

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "అచ్చం ఇంట్లో తిన్నట్టే ఉంటుంది," అన్నారు.

అందులో అబద్ధం లేదు. తర్వాత ఎంత వెతికినా ఆ మాటలో అబద్ధం దొరకలేదు, అదే వీరభద్రం బాధ. సంతకాలయ్యాక పెద్దాయన ఆయన్ని గట్టిగా కావలించుకుని, వీపు తట్టి, షాపు మెట్లు రెండేసి చొప్పున దిగుతూ వెళ్ళిపోయారు. మోకాళ్ళ నొప్పుల మనిషి ఆ దిగడమేమిటని వీరభద్రానికి అనుమానం రావాలి. రాలేదు. సంస్కారవంతుడు అనుకున్నాడు.

నాలుగు రోజుల తర్వాత క్లబ్బు నుంచి ఫోనొచ్చింది. "వేదుల వారి కుటుంబానికి మబ్బుకొండ తరఫున హార్దిక అభినందనలు," అందో ఆడగొంతు.

"మేం వేదుల వారి దగ్గర కొనుక్కున్నామండీ. మాది చిట్టూరి వారు."

"ఆ విషయం నోట్ చేసుకున్నామండీ, వేదుల గారూ," అని పెట్టేసింది.

మే నెలలో కుటుంబమంతా కొండెక్కారు. పదో తరగతి పరీక్షలు రాసిన హిమజ చేతిలో ఫోను. ఐదో తరగతి సుహాస్ మెడలో ఈత కొట్టే రబ్బరు ట్యూబు. కాకినాడ బస్టాండులోనే గాలి కొట్టించుకుని, ఘాట్ రోడ్డు మలుపులన్నీ దాన్ని మెడలో వేసుకునే కూర్చున్నాడు. మంగతాయారు కొత్త చీర కట్టుకుంది. సంచిలో గరిట కాదు కదా, చెంచా కూడా పెట్టుకోలేదు. అంత తేలికైన సంచితో ప్రయాణం చేయడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారని దారిలో రెండుసార్లు చెప్పింది.

క్లబ్బు గుమ్మంలో పూలదండలతో ఎదురొచ్చినాయన పేరు పానకాలరావు. ఏదో సర్కారు శాఖలో సూపరింటెండెంటుగా చేసి రిటైరై, ఇక్కడ సభ్యుల సంతోష విభాగాధిపతిగా చేరారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"సంస్థ తరఫునా, విభాగం తరఫునా, వ్యక్తిగతంగా నా తరఫునా, సభ్యులు త్రివిక్రమరావు గారికి, వారి ధర్మపత్ని అనసూయమ్మ గారికి, చిరంజీవి సౌభాగ్యవతి వీణాపాణికి, చిరంజీవి ఫణికి స్వాగతం." అంటూ నలుగురి మెడల్లో ఆ పేర్లున్న బిళ్ళలు వేశారు. సుహాస్ మెడలో ట్యూబు అడ్డమొస్తే దాన్ని తీసేసి మరీ వేశారు. ఐదో బిళ్ళ చేతిలో మిగిలిపోయింది. "అత్తగారు సుందరమ్మ గారు కనబడుటలేదే?"

"ఆవిడ మా అత్తగారు కాదండీ. పైగా పోయారు," అన్నాడు వీరభద్రం.

"చింతిస్తున్నాము," అన్నారు పానకాలరావు గారు. "ఆ ఖాళీ విషయం తరువాత పరిశీలించబడుతుంది."

"అసలు ఈ పేర్లేంటండీ? మేం వేరే మనుషులం."

పానకాలరావు గారు ఇలాంటి అజ్ఞానుల్ని చాలామందిని చూసినట్టు ఓపిగ్గా నవ్వారు. "తమరు గమనించవలసిన అంశం ఏమనగా, తమరు కొన్నది గది కాదండీ. సెలవు. అది కూడా వాడిన సెలవు. మొదటి ఏడాది సభ్యులు ఏ విధంగా గడిపారో అదే వారి సెలవుగా సంస్థ నమోదు చేసి, ఏటేటా అక్షరం పొల్లుపోకుండా అందజేస్తుంది. సదరు సెలవును తమరు పునర్విక్రయంలో కొన్నారు. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవారు రంగు నాకు నచ్చలేదు, మార్చి ఇవ్వండి అంటారా? దీనినే యథాతథ బదిలీ విధానం అంటాము. ఈ విధానానికి గాను సంస్థకు ఒక షీల్డు కూడా వచ్చింది."

షీల్డు గోడ మీద ఉంది. వీరభద్రం దాని మీది అక్షరాలు చదివి సంచులు ఎత్తుకున్నాడు.

గది బావుంది. కిటికీ తీస్తే లోయ, లోయ నిండా మబ్బులు. మంగతాయారు మురిసిపోతూ పక్క గది తలుపు కూడా తీసింది. అది వంటగది. రెండు పొయ్యిలు, తళతళలాడే ఇత్తడి గిన్నెలు, కందిపప్పు, బియ్యం, చింతపండు, ఆరేసిన ఒక తడి చీర. గుమ్మంలో పానకాలరావు గారు.

"అనసూయమ్మ గారు బయటి భోజనం ముట్టరు. చన్నీళ్ళ స్నానం చేసి, ఆ తడి చీరతో, మడిగా, వారే స్వయంగా వండుతారు. ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. ఉదయం సుప్రభాతం మోగగానే ప్రారంభించవచ్చు."

మంగతాయారు సంచీ కింద పెట్టింది. ఆయన్ని చూడలేదు, గిన్నెల్ని చూడలేదు. భర్తని చూసింది. వీరభద్రం కిటికీలోంచి లోయని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

ఆయన ఊరుకున్నాడని కాదు. క్యాంటీన్లో భోజనం డబ్బు పెట్టి కొంటానన్నాడు. వేదుల వారు ఎన్నడూ కొనలేదు కాబట్టి అమ్మడానికి వీల్లేదన్నారు. కొండ దిగి టిఫిను తెచ్చుకుంటానన్నాడు. త్రివిక్రమరావు గారికి కళ్ళు తిరుగుతాయి కాబట్టి వారు కొండ దిగరాదన్నారు. పోనీ వెనక్కి వెళ్ళిపోతామన్నాడు. సెలవు మధ్యలో ముగించడం వేదుల వారి అలవాట్లలో లేదన్నారు. ప్రతి జవాబు చివరా చింతిస్తున్నాము అన్నారు. చింతించడంతో సంస్థ బాధ్యత తీరిపోతుందట.

సుప్రభాతం గది లోపలే స్పీకర్లో మోగింది. మంగతాయారు లేచి, చన్నీళ్ళు పోసుకుని, పొయ్యి వెలిగించింది. పప్పు ఉడికింది, చారు కాగింది. బయట లోయలో మబ్బులు విడిపోయి ఎండ పడుతుంటే, చుట్టుపక్కల గదులవాళ్ళు కేరింతలు కొడుతూ ఫోటోలు తీసుకుంటుంటే, ఆవిడ వంకాయ తరిగింది. పిల్లల గతీ అంతే. ఫణికి నీళ్ళంటే భయం కాబట్టి సుహాస్‌ని ఈతకొలను దగ్గరికి రానివ్వలేదు. వాడు గట్టు మీద ట్యూబు వేసుకుని నిలబడి మిగతా పిల్లల్ని చూస్తూ ఏడ్చాడు. "చూశారా, ఎంత భయమో," అన్నారు పానకాలరావు గారు. వీణాపాణి వీణ సాధన చేస్తుంది కాబట్టి హిమజకి ఒక వీణ ఇచ్చారు. అదెలా పట్టుకోవాలో కూడా ఆ పిల్లకి తెలియదు. ఆ చప్పుడుకి చెట్ల మీది పిట్టలు ఎగిరిపోయాయి.

రెండు రోజులు ఇలాగే గడిచాయి. మంగతాయారు వడ్డించేది, తీసేది. ఆయన పలకరిస్తే ఊఁ అనేది. మూడో రోజు సాయంత్రం పచ్చిక మీద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పేక కట్ట వేసి వాళ్ళని పిలిచారు. చుట్టూ సిబ్బంది వరసగా నిలబడి ఉన్నారు.

"ఇది తమరి వార్షిక కలహం," అన్నారు పానకాలరావు గారు. "మొదటి ఏడాది దంపతులు రమ్మీ ఆడుతూ గొడవపడ్డారు. ఇక దయచేసి ప్రారంభించండి."

"మాకే గొడవా లేదండీ," అన్నాడు వీరభద్రం.

"అలా అంటే మాకు ఇబ్బంది. సిబ్బందిని వేరే పనులు మాన్పించి పిలిపించాము."

వీరభద్రం భార్య వైపు వంగి గుసగుసగా, "ఊరికే రెండు మాటలు అనెయ్ మంగా, అయిపోతుంది," అన్నాడు.

"ఊరికే రెండు మాటలా," అంది మంగతాయారు మెల్లగా. పేక ముక్కలు బల్ల మీద పెట్టేసింది. "మాటిచ్చారు మీరు. నేను కొండలు అడగలేదు, క్లబ్బులు అడగలేదు. పొద్దున్నే కళ్ళు తెరవగానే ఈ పూట ఏం వండాలిరా భగవంతుడా అన్న బెంగ లేకుండా నాలుగు రోజులు ఉందామనుకున్నాను. ఎవరైనా చేసి పెడితే వేడివేడిగా తినాలనుకున్నాను. నేను వేడన్నం తిని ఎన్నాళ్ళైందో మీకు తెలుసా? అందరికీ వడ్డించి కూర్చునేసరికి ఎప్పుడూ చల్లారిపోతుంది. ఇంట్లో ఉంటే ఉల్లిపాయైనా వేసుకునేదాన్ని. ఇక్కడికి తీసుకొచ్చి అది కూడా లేకుండా చేశారు."

అంటూనే కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. వీరభద్రానికి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళూ తన కంచంలో అన్నం పొగలు కక్కుతూనే ఉంది కాబట్టి ఇంట్లో అందరి కంచాల్లోనూ అంతే అనుకున్నాడు.

సిబ్బంది చప్పట్లు కొట్టారు. పానకాలరావు గారు కళ్ళొత్తుకున్నారు. "అద్భుతం. పాత సభ్యుల కలహంలో ఇంత విషయం ఉండేది కాదు. కానీ ఒక లోపం. ఈ ఘట్టంలో అత్తగారు వచ్చి అల్లుణ్ణి నాలుగు చీవాట్లు పెట్టాలి. సుందరమ్మ గారి హోదా ఖాళీగా ఉంది. సంస్థ ఖాళీలను ఉపేక్షించదు. కావున అనసూయమ్మ గారికే అత్తగారి హోదాలో పూర్తి అదనపు బాధ్యతలు అప్పగిస్తున్నాను."

అంటే మంగతాయారుకి ఉన్న చాకిరీ చాలక ఇంకొకటి. వీరభద్రం ఈసారి నిజంగానే కోపంతో లేవబోయాడు. కానీ మంగతాయారు కన్నీళ్ళు తుడుచుకుని, "ఆ అత్తగారి డ్యూటీ ఏంటండీ?" అని అడిగింది.

పానకాలరావు గారు కంఠతా చెప్పారు. "సుందరమ్మ గారు తమ ఇష్టం వచ్చినప్పుడు నిద్ర లేస్తారు. మంచం దగ్గరికే కాఫీ తేవాలి. పిదప చక్రాల కుర్చీలో లోయ అంచుకు తీసుకెళ్ళాలి. అచ్చట కూర్చుని చూస్తారు. భోజనం వేళకు మొదటి వడ్డన వారిదే. వంటలో వంకలు పెడతారు. మధ్యాహ్నం నిద్రపోతారు. వారి మాటకు ఎవరూ ఎదురు చెప్పరాదు. వంటగదిలోకి వారికి ప్రవేశం లేదు."

"ప్రవేశం లేదా?"

"బొత్తిగా లేదు. కూతురి మడి కలిసిపోతుందని."

మంగతాయారు బల్ల మీది పేక ముక్కలు కట్టగా సర్దింది. "అయితే నాకు అదనం వద్దండి. బదిలీ ఇప్పించండి. భార్య హోదా నుంచి అత్తగారి హోదాకి."

బదిలీ అన్న మాట చెవిన పడగానే పానకాలరావు గారి మొహం వెలిగిపోయింది. రిటైరయ్యాక ఆయన్ని బదిలీ అడిగిన మనిషి లేడు. ఆయన నిటారుగా నిలబడి, సిబ్బంది అందరూ వినేలా, సదరు అనసూయమ్మ గారిని సుందరమ్మ గారి స్థానంలోకి బదిలీ చేయడమైనదనీ, ఇది తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకూ అమల్లో ఉంటుందనీ ప్రకటించారు.

"మరి భార్య హోదా ఖాళీ అవుతుంది కదండీ?" అన్నాడు వీరభద్రం. నోరు మూసుకుని ఊరుకుంటే ఏమయ్యేదో తెలియదు గానీ, ఆయన ఊరుకోలేదు.

"మంచి ప్రశ్న. సదరు పూర్తి అదనపు బాధ్యతలు తమరివే."

"నేను మగాణ్ణండీ."

"సంస్థకు అభ్యంతరం లేదు. కాకపోతే అదనపు బాధ్యతకు అదనపు భత్యం ఉండదు, గమనించ ప్రార్థన."

మర్నాడు సుప్రభాతానికి లేచింది వీరభద్రం. కొండ మీది చన్నీళ్ళు నెత్తిన పడగానే చనిపోయిన పూర్వీకులందరూ గుర్తొచ్చారు. తడి పంచె కట్టుకుని పళ్ళు టకటకలాడిస్తూ పొయ్యి ముందు నిలబడ్డాడు. కాఫీ కలిపి మంచం దగ్గరికి తీసుకెళ్తే మంగతాయారు దుప్పట్లోంచి చెయ్యి మాత్రం బయటికి చాపింది. ఒక గుక్క తాగి, "పలచగా ఉంది అమ్మాయీ," అంది.

"అమ్మాయీ ఏంటి?"

"నువ్వు అనసూయవి కదా. నా కూతురివి. మాట్లాడకుండా ఇంకోటి కలుపు."

పెళ్ళయ్యాక ఆవిడ ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. నిబంధనల ప్రకారం ఆయన ఎదురు చెప్పకూడదు.

పిల్లలకి మాత్రం ఆ పూట నుంచి పండగే. సుందరమ్మ గారు చక్రాల కుర్చీలో ఈతకొలను ముందుగా వెళ్తూ, "మా మనవడికి భయం తగ్గింది. దిగనివ్వండి," అన్నారు. ఎదురు చెప్పే వీల్లేక పానకాలరావు గారు తప్పుకున్నారు. సుహాస్ ట్యూబుతో సహా దూకాడు. వీణ కూడా ఆవిడ మాట మీదే వెనక్కి వెళ్ళింది. అందుకు మాత్రం పక్క గదులవాళ్ళు వచ్చి దణ్ణం పెట్టి వెళ్ళారు.

వీరభద్రం పప్పు మాడింది. అన్నం ముద్దైంది. అంతకంటే పెద్ద చిక్కు బల్ల దగ్గర వచ్చింది. కలహం తర్వాత వేదుల దంపతులు మాట్లాడుకోకుండా వేర్వేరు బల్లల మీద తినేవారట. ఇప్పుడు భర్తా ఆయనే, భార్యా ఆయనే. కాబట్టి ఈ బల్ల మీద పప్పన్నం తిని, లేచి, తనని తాను పలకరించుకోకుండా వెళ్ళి ఆ బల్ల మీద పెరుగన్నం తిన్నాడు. మధ్యలో పొరపాటున "హు" అని నిట్టూరిస్తే, "దంపతులు మాట్లాడుకోరాదు," అని గుర్తుచేశారు.

చివరి రోజు చారులో ఉప్పెంత వెయ్యాలో అడుగుదామని తడి పంచెతోనే లోయ అంచు దాకా వెళ్ళాడు. మంగతాయారు కుర్చీలో నిద్రపోతోంది. పట్టపగలు, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు ఒళ్ళో వదిలేసి. ఆవిడ పగటిపూట నిద్రపోవడం ఆయన ఎన్నడూ చూడలేదు. జ్వరమొచ్చినా కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచే మనిషి. లేపకుండా వెనక్కొచ్చి ఉప్పు తోచినంత వేశాడు. ఆ చారు మొదటి ముద్ద వేడివేడిగా ఆవిడ తింది, నోట్లో పెట్టుకోదగ్గట్టు లేదని చెప్పి మూడుసార్లు వేయించుకుంది.

కాకినాడ వచ్చేశారు. మర్నాడు పొద్దున్న వీరభద్రం హాల్లో కూర్చుని పేపరు తిరగేస్తూ కాఫీ కోసం చూశాడు. రాలేదు. పడగ్గదిలోకి తొంగి చూశాడు.

"మంగా, ఇంటికొచ్చేశాం."

"తెలుసు," అంది మంగతాయారు కళ్ళు తెరవకుండా. "తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా అన్నారు కదా ఆయన. వచ్చాయా?" అని అటు తిరిగి పడుకుంది.

వీరభద్రం వంటింటి గుమ్మంలో నిలబడి మబ్బుకొండకి ఫోను చేశాడు. పానకాలరావు గారు అంతా విని, "వెనుకకు బదిలీని తమరు సెలవులో ఉండగా కోరవలసి ఉన్నది," అన్నారు. "సెలవు ముగిసినది. కావున వచ్చే వేసవిలో తమరు విచ్చేసినప్పుడు పరిశీలించబడుతుంది. అంతవరకూ ప్రస్తుత ఏర్పాటే కొనసాగును. చింతిస్తున్నాము."

"మీరు చింతించకండి," అన్నాడు వీరభద్రం. ఫోను పెట్టేసి పాలగిన్నె పొయ్యి మీద పెట్టాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వెళ్ళి, చప్పుడు కాకుండా పడగ్గది తలుపు దగ్గరగా వేశాడు. లోపల అత్తగారు నిద్రపోతున్నారు.